మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణ

మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణ అమెరికా సంయుక్త రాష్ట్రాలలో నల్లజాతీయులు జరిపిన పౌరహక్కుల పోరాటాలలో ముఖ్యమైనది. అలబామా రాష్ట్ర రాజధాని మాంట్‌గోమరీలో 1955 డిసెంబరు 5 నుండి 1956 డిసెంబరు 20 వరకు, 381 రోజుల పాటు ఇది సాగింది.

నేపథ్యం

నగర బస్సులలో ముందు వరుసలు శ్వేతజాతీయులకు ప్రత్యేకించబడి ఉండేవి. నల్లజాతీయులు ముందు ద్వారం వద్ద ఛార్జీ చెల్లించి, తరచుగా మరల దిగి వెనుక ద్వారం గుండా ఎక్కవలసి వచ్చేది. ప్రయాణికులలో సుమారు మూడు వంతులు వారే కావడం గమనార్హం. 1955 మార్చి 2న క్లాడెట్ కాల్విన్ అనే 15 ఏళ్ళ విద్యార్థిని సీటు ఖాళీ చేయుటకు నిరాకరించి అరెస్టయింది. డిసెంబరు 1న రోజా పార్క్స్ అరెస్టయ్యారు. ఆమెను కేవలం అలసిపోయిన కుట్టుపనిమనిషిగా వర్ణించడం పరిపాటి అయినప్పటికీ అది సరికాదు. అప్పటికే ఆమె ఎన్.ఏ.ఏ.సి.పి. అనే హక్కుల సంస్థ స్థానిక శాఖకు కార్యదర్శిగా పనిచేసిన అనుభవజ్ఞురాలు.

ఉద్యమం

మహిళా రాజకీయ మండలి నాయకురాలు, కళాశాల అధ్యాపకురాలు అయిన జో ఆన్ రాబిన్సన్ ఆ రాత్రికి రాత్రే వేలాది కరపత్రాలు సైక్లోస్టైల్ చేయించారు. ఒక్కరోజు అనుకున్న బహిష్కరణ విజయవంతం కావడంతో, డిసెంబరు 5న మాంట్‌గోమరీ అభివృద్ధి సంఘం ఏర్పడి, 26 ఏళ్ళ మార్టిన్ లూథర్ కింగ్ అధ్యక్షుడయ్యారు. మొదటి కోరికలు చాలా పరిమితమైనవి: మర్యాదగా చూడడం, ముందు వచ్చినవారికి ముందు సీటు, నల్లజాతీయులు అధికంగా ఉండే మార్గాలలో నల్లజాతి డ్రైవర్లు. వేర్పాటు పూర్తిగా రద్దు కావాలని అప్పుడు అడగనేలేదు. నగర పాలకులు వీటికి కూడా అంగీకరించలేదు.

నల్లజాతి టాక్సీ డ్రైవర్లు బస్సు ఛార్జీ 10 సెంట్లకే ప్రయాణికులను ఎక్కించుకోగా, కనీసం 45 సెంట్లు వసూలు చేయాలనే నిబంధనను అధికారులు అమలు చేశారు. దానితో సుమారు 300 సొంత కార్లతో ఉమ్మడి రవాణా ఏర్పాటైంది. భీమా సంస్థలు ఆ కార్ల పాలసీలు రద్దు చేయగా లండన్‌లోని లాయిడ్స్ ద్వారా భీమా పొందవలసి వచ్చింది. అయినా ఉద్యమ భారమంతా ఇళ్ళలో వంట, పాచిపని చేసుకునే స్త్రీలే మోశారనాలి. వారు మైళ్ళ దూరం నడిచి పనికి వెళ్ళారు. జార్జియా గిల్మోర్ అనే వంటమనిషి తోటి స్త్రీలతో కలిసి భోజనాలు, కేకులు అమ్మి నిధులు సమకూర్చారు. కొందరు శ్వేతజాతి గృహిణులు, మేయరు వారించినా, తమ పనిమనుషులను కార్లలో తీసుకొచ్చారు. వారిది సానుభూతి కంటే ఇంటి అవసరమే అయి ఉండవచ్చు!

1956 జనవరి 30న కింగ్ ఇంటిపై బాంబు పడింది. ఫిబ్రవరిలో 1921 నాటి బహిష్కరణ నిరోధక చట్టం కింద 89 మందిపై అభియోగాలు మోపారు. కింగ్‌కు 500 డాలర్ల జరిమానా విధించారు.

తీర్పు

బస్సులలో వేర్పాటును రద్దు చేసినది పార్క్స్ కేసు కాదు. ఫిబ్రవరి 1న దాఖలైన బ్రౌడర్ వర్సెస్ గేల్ దావాలో చివరి వరకు నిలిచిన వాదులు ఆరీలియా బ్రౌడర్, సూసీ మెక్‌డొనాల్డ్, మేరీ లూయీ స్మిత్, క్లాడెట్ కాల్విన్. జూన్ 5న ఫెడరల్ న్యాయస్థానం 2-1 ఆధిక్యతతో వేర్పాటు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పగా, నవంబరు 13న సుప్రీంకోర్టు దానిని ధ్రువీకరించింది. ఉమ్మడి కార్లను నిషేధిస్తూ స్థానిక న్యాయస్థానం ఉత్తర్వు ఇచ్చింది కూడా ఆ రోజునే.

అనంతరం

డిసెంబరు 21 నుండి నల్లజాతీయులు బస్సులలో ఇష్టమైన చోట కూర్చున్నారు. కొద్ది రోజులకే బస్సులపై తుపాకీ కాల్పులు జరిగాయి. 1957 జనవరిలో నల్లజాతీయుల చర్చిలపై బాంబులు వేశారు. ఉద్యోగం పోయిన పార్క్స్ అదే సంవత్సరం డెట్రాయిట్‌కు వలస వెళ్ళారు. 1959లో కింగ్ భారతదేశాన్ని సందర్శించి గాంధేయ కార్యకర్తలను కలిశారు. కాల్విన్‌పై బాల్యంలో నమోదైన కేసు రికార్డును న్యాయస్థానం కొట్టివేసినది 2021లో, ఆమెకు 82 ఏళ్ళు వచ్చిన తరువాత.