పెట్టెలో ఇమడని పని: రేడియో నియంత్రిత నమూనా గ్లైడర్ కిట్టు - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

నమూనా విమానాల చరిత్రను ఎగిరిన దూరాల, గెలిచిన పోటీల వరుసగా చెప్పడం పరిపాటి. ఈ వ్యాసం ఆ చరిత్రను కూర్పు పని వైపు నుంచి పరిశీలిస్తుంది. గ్లైడర్ తయారీకి అవసరమైన జ్ఞానం కూర్చేవారి చేతి నుంచి కర్మాగారానికి క్రమంగా ఎలా తరలిందో, తరలకుండా మిగిలినదేమిటో చర్చిస్తుంది.

కీలకపదాలు: నమూనా గ్లైడర్, కిట్టు, బాల్సా, రేడియో నియంత్రణ, గరిమనాభి, చేతిపని.

1. ఉపోద్ఘాతం

కిట్టు అంటే వస్తువు కాదు. వస్తువు కాబోయే ముక్కల సమాహారం. పెట్టెలో ఉన్నది తయారీదారు ముగించిన పని. లేనిది కొన్నవారు చేయవలసిన పని. ఈ రెండింటి నడుమ గీత ఎక్కడ పడిందో చూస్తే, ఆ కాలం సామాన్యుడి చేతికి ఎంత నైపుణ్యం ఉందని భావించిందో తెలుస్తుంది. ఈ దృష్టితో చూసినప్పుడు కిట్టు కూడా ఒక చారిత్రక పత్రమే.

2. నమూనా నుంచి కిట్టు వరకు

ఇంగ్లండుకు చెందిన సర్ జార్జ్ కేలీ 1804లో సుమారు 5 అడుగుల పొడవున్న గ్లైడర్ నమూనాను నిర్మించాడు. ఒక కర్రకు గాలిపటాన్ని రెక్కగా బిగించి, వెనుక కొసన శిలువ ఆకారపు తోకను అమర్చాడు. ఆ తోక కోణాన్ని మార్చవచ్చు. గరిమనాభిని సరిచేయడానికి కర్రపై జరపగలిగే ఒక బరువును కూడా ఉంచాడు. 1871లో ఆల్ఫోన్స్ పెనో పారిస్‌లోని ట్విలరీ తోటలో రబ్బరు మెలికతో నడిచే నమూనాను 11 సెకన్లపాటు, సుమారు 40 మీటర్ల దూరం ఎగరవేశాడు. తోక సాయంతో విమానం తనంతట తానే నిలకడగా ఎగరగలదని ఆ ప్రదర్శన నిరూపించింది. ఈ ఇద్దరి విషయంలో రూపకల్పన చేసినవారూ నిర్మించినవారూ ఒకరే. సమస్య తెలిసిన చేతికే పరిష్కారమూ తెలుసు.

ఈ ఐక్యత 20వ శతాబ్దిలో విడిపోయింది. 1927లో చార్లెస్ లిండ్‌బర్గ్ అట్లాంటిక్ మహాసముద్రాన్ని ఒంటరిగా దాటిన తరువాత అమెరికాలో బాలుర నడుమ విమాన నమూనాల మోజు బాగా పెరిగింది. నక్షానూ కర్రముక్కలనూ ఒకే పెట్టెలో అమ్మే వ్యాపారం దానితోపాటే విస్తరించింది. ఈ విస్తరణకు ఆధారం బాల్సా. ప్రధానంగా ఈక్వడార్ నుంచి వచ్చే ఈ కర్ర ఎంతో తేలిక. గడ్డం గీసుకునే బ్లేడుతోనైనా తెగుతుంది. వడ్రంగం రాని బాలుడు కూడా వంటింటి బల్ల మీద విమానం చేయగలగడం దీనివల్లే సాధ్యమైంది. రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటన్ మస్కిటో విమానపు కాయాన్ని బాల్సాకు ఇరువైపులా ప్లైవుడ్ పొరలు అతికించి నిర్మించింది. 1942లో అమెరికా నౌకాదళం శత్రు, మిత్ర విమానాలను గుర్తుపట్టే శిక్షణ కోసం 5 లక్షల కర్ర నమూనాలు చేసిపెట్టమని పాఠశాలలను కోరింది. పిల్లల వినోదంగా ఉన్న చేతిపని అప్పటికి జాతీయ వనరుగా గుర్తింపు పొందిందనడానికి ఇది నిదర్శనం.

3. రేడియో ప్రవేశం

మిషిగన్ రాష్ట్రంలోని కాలమజూకు చెందిన వాల్టర్, విలియం గుడ్ అనే కవల సోదరులు 1937లో 'గఫ్' అనే నమూనాను రేడియో సంకేతాలతో విజయవంతంగా నడిపారు. 8 అడుగుల రెక్కలున్న ఆ విమానం ఇంజనుతో నడిచేది. ప్రస్తుతం స్మిత్‌సోనియన్ సంస్థ సేకరణలో ఉంది. ఆ రోజుల్లో సంకేతం ప్రసారం చేయాలంటే అమెచ్యూర్ రేడియో లైసెన్సు ఉండాలి. నమూనాను ఎగరవేయదలచినవారు ముందుగా రేడియో పరీక్ష నెగ్గవలసి వచ్చేది. శూన్యనాళికల రిసీవరునూ సొంతంగానే తయారు చేసుకోవాలి. 1950లలో అమెరికా 27 మెగాహెర్ట్జ్ పరిధిని పరీక్షతో పనిలేకుండా వాడుకోనిచ్చింది. ట్రాన్సిస్టర్లు రావడంతో పరికరం బరువు తగ్గింది. 1960లలో మీట ఎంత కదిలితే చుక్కాని అంతే కదిలే అనుపాత నియంత్రణ స్థిరపడింది. రేడియో అప్పటినుంచి అంగడిలో కొనే వస్తువైంది. దాని అంతర్నిర్మాణం తెలియవలసిన అవసరం కూర్చేవారికి తప్పిపోయింది.

ఈ మార్పుకు గ్లైడర్ అనువైన వాహనం. ఇంజను కంపనం లేదు, వేగం తక్కువ, అందువల్ల తప్పు దిద్దుకోవడానికి వ్యవధి ఉంటుంది.

4. కూర్పు: 'జెంటిల్ లేడీ' ఉదాహరణ

కార్ల్ గోల్డ్‌బర్గ్ సంస్థ విడుదల చేసిన 'జెంటిల్ లేడీ' 1980లలో ఎందరికో తొలి రేడియో గ్లైడర్. రెక్కల విస్తారం సుమారు 2 మీటర్లు. నియంత్రణలు రెండే: చుక్కాని, ఎలివేటర్.

పెట్టెలో అచ్చుకోత పెట్టిన బాల్సా పలకలు, పొడవాటి కర్రలు, నిలువెత్తు నక్షా ఉండేవి. చదునైన చెక్క మీద నక్షా పరచి, జిగురు అంటకుండా దానిపై పల్చని ప్లాస్టిక్ కాగితం కప్పేవారు. రెక్క పొడవునా సాగే ప్రధాన కర్రను నక్షా గీతపై గుండుసూదులతో బిగించి, రెక్కకు ఆకారమిచ్చే రిబ్బులను ఒక్కొక్కటిగా దానిపై నిలబెట్టి అతికించేవారు. చివరకు వేడి ఇస్త్రీతో ప్లాస్టిక్ పొరను కప్పేవారు.

ఈ క్రమంలో అత్యంత కీలకమైన ఘట్టం రెక్క భాగాలను కోణంలో కలపడం. చుక్కాని విమానపు ముక్కును పక్కకు తిప్పుతుంది. అప్పుడు పైకి వంగిన రెక్కల్లో ముందుకు వచ్చిన వైపు ఎక్కువ గాలిబలం పుట్టి, విమానం రెండోవైపుకు ఒరిగి మలుపు తిరుగుతుంది. అంటే ఒరుగుదలకు ప్రత్యేక నియంత్రణ లేని లోటును రెక్క ఆకారమే తీరుస్తుంది. అతికించేటప్పుడు ఒకవైపు కోణం తగ్గినా, పొర బిగిసినప్పుడు రెక్క మెలిపడినా ఆ దోషం ప్రతి ఎగురుదలలోనూ బయటపడుతుంది. నక్షా కోణాన్ని చెప్పగలదు గాని, ఆ కోణాన్ని నిలబెట్టవలసినది చేయి.

ఆఖరి పని గరిమనాభి పరీక్ష. బ్యాటరీనీ రిసీవరునూ ముక్కు వైపు అమర్చి, రెక్క కింద నక్షా గుర్తించిన చోట రెండు వేళ్లు ఆనించి విమానాన్ని ఎత్తి చూసేవారు. తోక వాలితే ముక్కులో సీసం చేర్చేవారు. ఆపై ఎదురుగాలిలో గడ్డి మైదానం మీద చేతితో మెల్లగా విసిరి, ఎలివేటర్‌ను సరిదిద్దేవారు.

5. తరలిన పని, మిగిలిన పని

తరువాతి దశాబ్దాల్లో గీత మరింత జరిగింది. అచ్చుకోత స్థానంలో లేజర్ కోత వచ్చింది. ఆపైన నురుగు పదార్థంతో పోతపోసిన విమానాలు దాదాపు సిద్ధరూపంలో రావడం మొదలైంది. 2005 నుంచి 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు వ్యాపించడంతో, మైదానంలో ఒకే పౌనఃపున్యాన్ని ఇద్దరు వాడకుండా వంతులు పాటించే పాత ఆనవాయితీ కూడా అంతరించింది. ఒకప్పటి చలికాలపు సాయంత్రాల పని గంటలోకి కుదించుకుపోయింది.

దీనిని నష్టంగా మాత్రమే లెక్కించడం సమంజసం కాదు. పని తగ్గడం వల్ల వడ్రంగపు ఓపిక లేనివారికీ ఎగురుదల అందింది. అయితే ఒక జ్ఞానం మాత్రం పలచబడింది. విరిగిన రెక్కను రిబ్బు వెంట రిబ్బుగా తిరిగి కట్టగలిగినది దానిని మొదట కట్టిన చేయే. పోతపోసిన రెక్క విరిగితే అతికించవచ్చు, లేదా కొత్తది కొనవచ్చు. లోపలి నిర్మాణం బోధపడే అవకాశం మాత్రం తక్కువ.

6. ముగింపు

రూపకల్పన, కోత, రేడియో, చివరకు అతికింపు - ఒక్కొక్కటిగా పెట్టెలోకి చేరాయి. గరిమనాభి పరీక్ష మాత్రం నేటికీ పూర్తిగా చేరలేదు. ప్రతి బ్యాటరీ బరువు వేరు, ప్రతి మరమ్మతు అదనపు భారం. కాబట్టి కర్మాగారం నిర్దేశించిన స్థానాన్ని ఎగరవేసేవారు తమ వేళ్లతో ధ్రువపరచుకోవలసిందే. కేలీ కర్రపై జరిపిన బరువుకూ, నేటి గ్లైడర్ ముక్కులో దూర్చే సీసపు ముక్కకూ నడుమ రెండు శతాబ్దాల అంతరం ఉంది. చేసే పని మాత్రం ఒక్కటే. సాంకేతిక చరిత్ర నూతన ఆవిష్కరణలతోపాటు ఇటువంటి తరలని పనులనూ నమోదు చేసినప్పుడే వస్తువుకూ మనిషికీ మధ్య ఉన్న సంబంధం సమగ్రంగా అవగతమవుతుంది.