మనోగాయ స్పృహతో సంక్షేమ సేవ: తెలుగు నేలపై దాని చరిత్ర

హింస, విపత్తు, ఆప్తుల అకాల మరణం మనిషి మనసుపై వేసే దెబ్బను గుర్తెరిగి, సాయం చేసే సంస్థలు తమ పని తీరును మార్చుకోవడమే మనోగాయ స్పృహతో కూడిన సేవ. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల అవస్థలు ఇందుకు తొలి ప్రేరణ. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం ఆ స్థితిని పీటీఎస్‌డీ పేరుతో తన రుగ్మతల జాబితాలో చేర్చింది. చిన్ననాటి కష్టాలకూ పెద్దయ్యాక వచ్చే జబ్బులకూ ఉన్న లంకెను 1998లో ఫెలిటి, ఆండాల అధ్యయనం చూపింది. 2001లో మాక్సిన్ హారిస్, రోజర్ ఫాలట్ ఈ అవగాహన వైద్యుడి గదికే పరిమితం కారాదని, సేవా వ్యవస్థ మొత్తం దాన్ని పాటించాలని వాదించారు. ఆదుకోవాల్సిన చోటే బాధితులు మళ్లీ గాయపడకూడదన్నది ఈ ఆలోచనకు ఆయువుపట్టు. తెలుగు నేలపై ఇది వైద్యం దారిలో కన్నా చట్టం, పరిహారం దారుల్లోనే ఎక్కువగా వచ్చింది. కౌన్సెలర్‌ను నియమించడం కంటే విచారణ పద్ధతిని మార్చడమే అసలు సంస్కరణ అని ఇక్కడి అనుభవం చెబుతుంది.

1985లో కారంచేడు, 1991లో చుండూరు దళితుల ఊచకోతల తర్వాత బాధితులు ఊళ్లు విడిచి చీరాల, తెనాలి శిబిరాల్లో తలదాచుకున్నారు. వారు అడిగింది డబ్బు ఒక్కటే కాదు, భద్రత, గౌరవం కూడా. చుండూరు కేసు విచారణకు ప్రత్యేక న్యాయస్థానాన్ని ఆ ఊళ్లోనే పెట్టడం ఆనాటికి అరుదైన విషయం. బాధితులు కోర్టు చుట్టూ తిరగాల్సిన చోట కోర్టే వారి దగ్గరికి వచ్చింది. అయితే 2007లో పడిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది. పద్ధతి మారినంత మాత్రాన న్యాయం దక్కుతుందన్న భరోసా లేదని దీనితో తేలింది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణ 2016 జనవరి 26న అమల్లోకి వచ్చి, బాధితులనూ సాక్షులనూ మర్యాదగా చూడడాన్ని వారి హక్కుగా రాసింది.

పిల్లల విషయంలో చట్టం మరో అడుగు ముందుకు వేసింది. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసు అధికారి యూనిఫాం లేకుండా, బిడ్డ ఇంట్లోగానీ బిడ్డ కోరిన చోటగానీ వాంగ్మూలం తీసుకోవాలి. సాక్ష్యం కోసం బిడ్డను పదేపదే కోర్టుకు పిలవకూడదు. హింసకు గురైన మహిళల కోసం 2015లో మొదలైన సఖి కేంద్రాలు, 2016లో తెలంగాణ పోలీసులు హైదరాబాదులో తెరిచిన భరోసా కేంద్రం పోలీసు, వైద్య, న్యాయ సాయాలను ఒకే కప్పు కిందికి తెచ్చాయి. ఒక్కో శాఖ ముందూ మొదటినుంచీ చెప్పుకోవాల్సిన బాధను తగ్గించడమే వీటి ఉద్దేశం.

పల్నాడు జిల్లా రొంపిచెర్ల వంటి గ్రామీణ మండలాల్లో ఈ మార్పు అందాల్సిన మరో వర్గం రైతు కుటుంబాలు. 1987-88లో తెల్లదోమ పత్తిని తినేసినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతుల ఆత్మహత్యలు రాష్ట్రాన్ని కుదిపాయి. 2004 జూన్ 1న వచ్చిన జీవో 421 బాధిత కుటుంబానికి లక్ష రూపాయల సాయం, అప్పుల పరిష్కారానికి మరో 50 వేలు ప్రకటించింది. 2019లో ఆంధ్రప్రదేశ్ ఈ సాయాన్ని 7 లక్షలకు పెంచింది. మొత్తం పెరిగింది గానీ, రుజువు చేసుకోవాల్సిన భారం మాత్రం కుటుంబం మీదే మిగిలింది. పోయినవాడు రైతేనా, అప్పు సేద్యానికేనా అని రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ అధికారులకు భార్య జవాబు చెప్పుకోవాలి. వడ్డీ వ్యాపారి అప్పయితే ప్రాంసరీ నోటు అతని దగ్గరే ఉంటుంది. కౌలు సేద్యమయితే 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద గుర్తింపు కార్డుకు భూయజమాని సంతకం కావాలి. భర్తను పోగొట్టుకున్న మనిషి, అప్పిచ్చినవాడినీ ఆసామినీ బతిమాలుకుంటేనే గానీ ఆ రుజువులు చేతికి రావు.

విచారణ సడలిస్తే దొంగ దరఖాస్తులు పెరుగుతాయన్న అభ్యంతరం కొట్టిపారేయదగింది కాదు. ప్రజాధనానికి లెక్క ఉండాలి. కానీ ఇక్కడ అడుగుతున్నది విచారణ మానమని కాదు, దాని భారాన్ని కార్యాలయం మోయాలని. ఎఫ్‌ఐఆర్ పోలీసు స్టేషన్లో, పోస్టుమార్టం నివేదిక ఆసుపత్రిలో, పంట అప్పు బ్యాంకులో, సాగు వివరం ఈ-పంట నమోదులో ఉంటాయి. వీటిని తెప్పించుకోవడం అధికారికి సులువు, వితంతువుకు కష్టం. నోటు లేని అప్పులకు, కార్డు లేని కౌలుకు ఊళ్లోనే ఒకసారి విచారించి రాసుకోవచ్చు. పోక్సో చట్టం విచారణ మానకుండానే అడిగే తీరు మార్చగలిగింది. పల్లెల్లో మనస్తత్వ నిపుణులు ఎక్కడున్నారన్నది రెండో అభ్యంతరం. నిపుణుల కొరత నిజమే. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ 14416 ఫోను సేవ దాన్ని కొంత పూడుస్తుంది. అయినా ఏకాంతంగా కూర్చోబెట్టి అడగడానికి, చెప్పింది ఒకసారే రాసుకుని మిగతా శాఖలకు పంపడానికి మానసిక వైద్యుడు అక్కర్లేదు. 2019 అక్టోబరు 2 నుంచి పనిచేస్తున్న గ్రామ సచివాలయాల్లో మహిళా పోలీసు, సంక్షేమ సహాయకులు, ఏఎన్ఎం ఉన్నారు. తర్ఫీదు ఇస్తే ఈ పని వారే చేయగలరు.

సంక్షేమ శాఖల పనిని ఇప్పటిదాకా ఎంత సొమ్ము, ఎందరికి అన్న లెక్కతోనే కొలిచారు. ఒక బాధితురాలు తన కథను ఎన్ని బల్లల ముందు చెప్పుకోవాల్సి వచ్చిందన్నది కూడా ఆ లెక్కలో చేరాలి. అది ఒకటికి తగ్గిన రోజే ఈ సంస్కరణ పల్నాటి పల్లెలకు చేరినట్టు.