కొలువు మెట్ల మీదికి కొత్త బొమ్మ

మా అబ్బాయి అల్మారాలో ఉన్నవాటిని ‘బొమ్మలు’ అంటే వాడికి కోపం. యాక్షన్ ఫిగర్లు అనాలట. ఆ పేరు వెనక కథ తెలిశాక నాకు నవ్వాగలేదు. 1964లో అమెరికాలో హాస్‌బ్రో కంపెనీ జి.ఐ. జో అనే సైనికుడి బొమ్మను తెచ్చినప్పుడు, బొమ్మ అంటే మగపిల్లలకు ఎవరూ కొనరేమోనని భయపడి ఈ పేరు పెట్టారు. బట్టలు మార్చొచ్చు, కాళ్ళూ చేతులూ వంచొచ్చు. అయినా బొమ్మ కాదట!

ఇవి సేకరించేవాళ్ళు న్యూయార్క్ టాయ్ ఫెయిర్ వార్తల కోసం కాచుక్కూర్చుంటారు. అది 1903 నాటిది. జర్మనీలో నూరెంబర్గ్‌ది 1950లో మొదలైంది. టికెట్ కొనుక్కుని పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళే ఎగ్జిబిషన్లు కావివి, వ్యాపారుల సంతలు. కంపెనీలు నమూనాలు చూపిస్తాయి, దుకాణాలవాళ్ళు ఆర్డర్లిస్తారు. ఎవరూ అడగని బొమ్మ నమూనాగానే మిగిలిపోవచ్చు. సెట్టులో తక్కువైన ఆ ఒక్కటీ వస్తుందో రాదో అక్కడే తేలుతుంది కాబట్టి వాళ్ళకంత ఆత్రం.

ఆ ఆత్రం కొలువు పెట్టే ఇళ్ళకు కొత్తా? ఏటా ఒక్క కొత్త బొమ్మయినా మెట్టెక్కాలని మా అత్తయ్యగారి పట్టు. వాళ్ళది బెజవాడ వైపు, సంక్రాంతి కొలువు. జనవరి 1న నాంపల్లిలో నుమాయిష్ తెరుస్తారు, పండక్కి సరిగ్గా రెండు వారాల ముందు. శంషాబాద్ నుంచి ఆరాంఘర్, మెహదీపట్నం మీదుగా రెండు బస్సులు మారైనా సరే, వెళ్ళాల్సిందే.

ఈ నుమాయిష్ పుట్టుక మాత్రం బొమ్మల కోసం కాదు. 1938లో ఉస్మానియా పట్టభద్రులు కొందరు రాష్ట్ర ఆర్థిక పరిస్థితి సర్వే చెయ్యాలనుకున్నారు. డబ్బుల్లేవు. స్థానికంగా తయారైన సరుకులతో పబ్లిక్ గార్డెన్స్‌లో ప్రదర్శన పెట్టారు. అప్పటి పేరే ‘నుమాయిష్ మస్నువాతే ముల్కీ’, అంటే మన దేశవాళీ వస్తువుల ప్రదర్శన. 1946లో నాంపల్లికి మారింది. మధ్యలో దేశ విభజన, హైదరాబాద్ గొడవలతో ఆగి, 1949లో రాజాజీ ప్రారంభోత్సవంతో మళ్ళీ మొదలైంది. దాని ఆదాయంతో నడిచే విద్యాసంస్థల్లో సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ కూడా ఉంది. మనం మిర్చీబజ్జీలు తిని వచ్చే చోటు ఎందరు ఆడపిల్లల్ని చదివించిందో!

ఇక నా సంగతి. ఇల్లు మారినప్పుడు లారీలో అత్తయ్యగారి కొండపల్లి దశావతారాల్లోంచి వామనుడు పోయాడు. దుకాణాల్లో అడిగితే పదీ కలిపే ఇస్తామన్నారు. పదీ కొంటే కొత్త సెట్టవుతుంది, పాతది నిండదు కదా. నుమాయిష్‌లో మాత్రం దుకాణంలో కూర్చున్నాయన బొమ్మలు చేసే ఇంటివాడే. పరశురాముణ్ణి వెంట తీసుకెళ్ళి చూపించాను. చేతిలో తిప్పి చూసి, “రంగు పాతదమ్మా, అంత కచ్చితంగా కలవదు. కొలత మాత్రం కుదురుస్తా,” అన్నాడు. తెల్లపొణికి కర్ర ఎండాలి, అవయవాలు విడివిడిగా చెక్కాలి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతకాలి, ఆ తర్వాతే రంగు. అందుకని మరుసటి ఏడాది ఇస్తానన్నాడు.

ఆ మరుసటి ఏడాది 2021. కరోనా వల్ల నుమాయిష్ లేదు. ఫిబ్రవరి 27 నుంచి నాలుగు రోజులు కేంద్రప్రభుత్వం ఇండియా టాయ్ ఫెయిర్ పెట్టింది, అదీ ఆన్‌లైన్లోనే. ఫోన్లో బొమ్మలన్నీ చూశాను, బాగున్నాయి. తెరమీద వేలెత్తు తేడా ఎలా తెలుస్తుంది? ఆ పండక్కి ఐదో స్థానంలో అత్తయ్యగారు ఒక చిన్న గొడుగు పెట్టారు, కాగితంతో చేసి.

వామనుడు తర్వాతెప్పటికో పార్సిల్‌లో వచ్చాడు. మిగతా తొమ్మిదిమంది కంటే కాస్త ఎరుపు. కాగితం గొడుగు కూడా తియ్యలేదు, పక్కనే ఉంది.