రిఫరీ చూపు: ఆర్వెల్ రచనల్లో జట్టు, నిఘా

1945 నవంబరులో మాస్కో డైనమో ఫుట్‌బాల్ జట్టు బ్రిటన్‌లో పర్యటించింది. చెల్సీతోను, గ్లాస్గో రేంజర్స్‌తోను సమానంగా నిలిచి, కార్డిఫ్‌ను 10-1 గోల్స్‌తో ఓడించి, ఆర్సెనల్‌పై 4-3తో నెగ్గింది. యుద్ధకాలపు మైత్రిని పెంపొందించవలసిన ఈ పర్యటన కలహాలతో ముగిసింది. ఆ డిసెంబరులో జార్జ్ ఆర్వెల్ ట్రిబ్యూన్ పత్రికలో, జాతుల పేరిట సాగే క్రీడ వైరాన్నే పెంచుతుందని రాశాడు. సరిగ్గా మూడు వారాలకు అదే పత్రికలో రష్యన్ రచయిత జమ్యాతిన్ నవల ‘మేము’ను సమీక్షించాడు. ఆ నవలలోని పౌరులకు పేర్లు లేవు, సంఖ్యలున్నాయి. వారి ఇళ్ల గోడలు గాజువి. ఈ రెండు వ్యాసాలను ఆర్వెల్ ఎక్కడా ముడిపెట్టలేదు. కాని 1949లో వెలువడిన ‘నైన్టీన్ ఎయిటీ ఫోర్’ చదివిన వారికి ఆ ముడి కనిపించకపోదు.

దాని మూలం బర్మాలో ఉన్నదని నా అభిప్రాయం. 1903లో బీహారులోని మోతీహారిలో జన్మించిన ఆర్వెల్ 1922 నుంచి 1927 వరకు బర్మాలో పోలీసు అధికారిగా పనిచేశాడు. మౌల్మీన్‌లో ఏనుగును కాల్చిన ఉదంతాన్ని తన అనుభవంగా చెబుతూ 1936లో రాసిన వ్యాసం సుప్రసిద్ధం. అందులో మొదట వచ్చేది ఏనుగు కాదు, ఫుట్‌బాల్. ఆటలో ఒక బర్మా యువకుడు అతనిని కాలడ్డి పడవేస్తాడు. బర్మా దేశీయుడే అయిన రిఫరీ ముఖం పక్కకు తిప్పుకుంటాడు. జనం విరగబడి నవ్వుతారు. ఊరినంతటినీ కనిపెట్టి ఉండవలసిన అధికారికి మైదానంలో న్యాయం దొరకలేదు. తరువాత అదే జనం వేల కళ్లతో వెంట నిలవగా, ఇష్టం లేకపోయినా ఏనుగును కాల్చవలసి వచ్చింది. అక్కడ నిఘా పాలితుల చేతిలోనూ ఉంది. చూడనట్టు ఊరుకునే స్వేచ్ఛ రిఫరీకి ఉంది.

నవలలోని ఓషియానియా రాజ్యంలో ఆ స్వేచ్ఛ ఎవరికీ లేదు. అక్కడ పెద్దన్న చిత్రపటం కన్నా నన్ను ఆకర్షించే పాత్ర పక్కింటి పార్సన్స్. అతడు క్రీడాసంఘంలో ప్రముఖుడు, సామూహిక యాత్రల నిర్వాహకుడు. ఇంట్లో నేలనిండా హాకీ కర్రలు, గాలిపోయిన ఫుట్‌బాల్, చెమట కంపు కొట్టే నిక్కరు. (ఇటువంటి ఉత్సాహి ప్రతి కార్యాలయంలోనూ ఒకడుంటాడు, చందా పుస్తకంతో అతడు రాగానే మనం ఫైలులో తల దూరుస్తాం.) అటువంటి పార్సన్స్‌ను పట్టించినది ఏడేళ్ల కన్నకూతురే. నిద్రలో అతడు పలవరించిన మాటలను తాళపు రంధ్రం దగ్గర విని ఫిర్యాదు చేసింది. చెరసాలలో అతడు బిడ్డను చూసి గర్వపడతాడు! రహస్యంగా ఎదురుతిరిగే జూలియా సైతం బడిలో హాకీ జట్టు నాయకురాలే. జట్టులో ఒకరి తప్పు అందరి తప్పు కనుక ప్రతివాడూ పక్కవాడిని గమనిస్తాడు. టెలిస్క్రీన్ లేని చోట ఆ పని సహచరుడు చేస్తాడు.

పోలిక ఇంతవరకే చెల్లుతుంది. ఆటకు నియమాలు ముందే తెలుసు; చివరి ఈల మోగాక ఆటగాడు ఇంటికి పోతాడు. ఓషియానియాలో చట్టాలే లేవు కనుక ఏది నేరమో ఎవరూ చెప్పలేరు. చరిత్ర విద్యార్థిగా నన్ను ఎక్కువ కలవరపెట్టేది మరొకటి. ద్వేష వారోత్సవంలో ఉపన్యాసం మధ్యలోనే శత్రుదేశం మారిపోతుంది. జనం చేతిలోని జెండాలు తప్పని వారే చింపేస్తారు. పాత పత్రికలను దిద్దడం కథానాయకుడు విన్‌స్టన్ ఉద్యోగం. గెలుపోటముల పట్టికను ఆట ముగిశాక తిరగరాసే క్రీడ ఎక్కడా లేదు.

ఆర్వెల్ కూడా నిఘాకు అతీతుడు కాడు. 1941-43 మధ్య బి.బి.సి.లో భారత శ్రోతల కోసం పనిచేస్తున్నప్పుడు లండన్ పోలీసులు అతనిపై నివేదిక రాశారు. భారతీయ మిత్రులు చెప్పిన మాటలే అందుకు ఒక ఆధారం. ఆ ఫైలు 2007లో వెలుగు చూసింది.

నవలలో మరో విశేషం ఉంది. జనాభాలో సుమారు 85 శాతం ఉన్న శ్రామికులపై పెద్దగా నిఘా లేదు. వారు జట్టులో లేరు. ఫుట్‌బాల్, సారా, జూదం వారికి చాలునని పార్టీ భావన. ఇక్కడ మళ్లీ మౌల్మీన్ గుర్తుకువస్తుంది. ఆ ఏనుగు కాళ్ల కింద నలిగి మరణించినవాడు ఒక ద్రావిడ కూలీ. ఏనుగును కాల్చడం సబబేనా అని తెల్లవారి మధ్య చర్చ జరిగినప్పుడు, కోరంగి కూలీ కన్నా ఏనుగే విలువైనదని యువకులు తేల్చారు. కోరంగి అంటే కాకినాడకు సమీపాన ఉన్న మన పాత రేవు. అక్కడి నుంచి ఓడలెక్కి బర్మా వెళ్లిన తెలుగువారికి ఆ రేవు పేరే జాతి పేరుగా స్థిరపడింది. మైదానంలో ఆటగాడిగా గాని, గుంపులో ప్రేక్షకుడిగా గాని ఆ మనిషి ఆ వ్యాసంలో కనబడడు. బురదలో పడి ఉన్న శవంగా కనబడతాడు. అతని పేరు అందులో లేదు.