ఒక యాజ్ఞ, పెక్కు యంత్రములు

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున, మర్రేహిల్ నందలి బెల్ పరిశోధనాలయములో, 1969వ సంవత్సరమున కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు యూనిక్సు వ్యవస్థకు శ్రీకారము చుట్టిరి. మనుష్యుడు టైపుచేసిన యాజ్ఞను గ్రహించి యంత్రముచే నిర్వర్తింపజేయునట్టి షెల్లు, ఆ వ్యవస్థలో, ఒక పని ముగియువరకు వేచియుండి గాని రెండవ యాజ్ఞకు తావిచ్చెడిది కాదు. అయితే ప్రతి యాజ్ఞయు ప్రత్యేక ప్రక్రియగా జనించు నేర్పాటు కుదిరిన పిమ్మట, ఆజ్ఞ చివర ఆంపర్‌సాండ్ గుర్తు నుంచినంతమాత్రమున షెల్లు ఆ వేచియుండుట మానెను. ఏకకాలమున పెక్కు పనులు నడపు విద్యకు అంకురము ఇంత స్వల్పమైన మార్పులో నున్నది.

1973లో అదే పరిశోధనాలయమునకు చెందిన డగ్లస్ మెకిల్‌రాయ్ ప్రోత్సాహమున పైపు అవతరించి, ఒక ప్రోగ్రాము వెలువరించినది మరొకదానికి ఆహారమగు పద్ధతి యేర్పడెను. ఒక యాజ్ఞకు ఒకసారి అందీయదగిన ఫైలు పేర్ల నిడివికి పరిమితి యుండుటచేత, అసంఖ్యాకములైన పేర్లను గైకొని, ఒక్కొక్కసారి పట్టినన్ని చొప్పున పంచిపెట్టు ఎక్సార్గ్స్ అను సాధనము పుట్టెను. ఎన్ని పనులు ఒక్కసారి సాగవలెనో నిర్దేశించు సౌకర్యము దానికి తరువాతి కాలమున సమకూడినది. 1976లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రచించిన మేక్ అను ప్రోగ్రాము, ఏ ఫైలు దేనిపై నాధారపడియున్నదో లిఖించి యుంచు నాచారమును నేర్పెను. పరస్పరాపేక్ష లేని పనులే యేకకాలమున సాగదగినవి గనుక, అనంతరకాలపు సమాంతర నిర్వహణకు ఆ లిఖితమే ప్రమాణమయ్యెను.

యంత్రములనుండి యంత్రములకు ఆజ్ఞలు పంపు ప్రయత్నమున కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమువారు అగ్రగాములు. 1983లో వెలువడిన వారి యూనిక్సులోని ఆర్‌ఎస్‌హెచ్, దూరపు యంత్రముపై ఆజ్ఞ నడపగలిగినను, యంత్రముల పరస్పర విశ్వాసముమీదనే నిలిచి, సమాచారమునంతను తెరచిన యుత్తరమువలె పంపుచుండెను. 1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయపు నెట్‌వర్కుపై ఎవరో పొంచియుండి పాస్‌వర్డులను అపహరింపగా, అచ్చటి పరిశోధకుడు తాతు యూలనెన్ గూఢలిపితో రక్షింపబడిన ఎస్‌ఎస్‌హెచ్‌ను నిర్మించెను. అనేక యంత్రముల నొక్క చోటనుండి నడపుటకు నేటికిని అదియే రాజమార్గము.

2005 నాటికి సామాన్యుల కంప్యూటరులలో సైతము ఒకే చిప్పున రెండు ప్రాసెసరులు చేరుటతో, ఈ విద్య పరిశోధనాలయముల గడపదాటి యెల్లరకును అవసరమయ్యెను. డెన్మార్కుకు చెందిన ఓలె టాంగె పెర్ల్ భాషలో రచించిన పారలల్ అను సాధనము 2010లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును నిర్మించు గ్నూ ప్రాజెక్టున చేరెను. పనులను ప్రాసెసరులకును, ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా దూరపు యంత్రములకును పంచుటతో అది తృప్తిచెందలేదు. ఒక పని వెలువరించిన పంక్తులు మరొకదాని పంక్తులతో కలగలియకుండ కాపాడుట, కోరినచో ఫలితములను పనులిచ్చిన వరుసలోనే యందించుట, ఏ పని సఫలమైనదో యేది విఫలమైనదో పట్టికలో నమోదుచేయుట దాని విశిష్టగుణములు.

అయితే ఇట్టి విభజనకు హద్దు కలదని కంప్యూటరు నిర్మాణ నిపుణుడు జీన్ ఆమ్‌డాల్ 1967లోనే హెచ్చరించెను: పనిలో పదవ వంతు ఒకదాని వెనుక నొకటిగానే జరుగవలసినదైనచో, యంత్రముల నెన్ని చేర్చినను వేగము పదిరెట్లకు మించదు. ఈ చరిత్రనంతను పరిశీలించినప్పుడు, పంచుట ఆదినుండియు సులభముగనే యుండెననియు, పంచినదానిని క్రమము చెడకుండ, లోపము దాగకుండ, రహస్యము వెల్లడికాకుండ మరల కూర్చుటయే తరతరముల పరిశ్రమను కోరినదనియు నిశ్చయముగా చెప్పవచ్చును. కావున వేలకొలది ఫైలులపై నొక్క యాజ్ఞ విడువబూనిన పాఠకులు, ఎంత త్వరగా ముగియునని యడుగుటకు ముందు, ఆ పనులు ఒకదానికొకటి స్వతంత్రములా, విఫలమైనదానిని గుర్తించు మార్గమున్నదా యని యడుగుదురు గాక.