గుంటూరు గ్రహణం, ఖామోష్ గ్యాసులు

మా బేటీ ఇంటర్ కెమిస్ట్రీ చదువుతూ అడిగింది: "అబ్బా, హీలియం మన గుంటూరులోనే దొరికిందట, సచ్చేనా?" నేను ఫఖర్‌గా అవునన్నాను. తర్వాత తారీఖ్ తిరగేస్తే నా జవాబు సగమే సహీ అని తేలింది.

1868 ఆగస్టు 18. సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్స్ నుంచి వచ్చిన జాన్సన్ గుంటూరులో దుర్బీను, స్పెక్ట్రోస్కోపు పెట్టుకుని సూర్యుడి అంచున ఎగిసే మంటల్ని చూశాడు. ఆ మెరుపు గీతలు ఎంత తేజ్‌గా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా కనబడతాయని అతనికి తోచింది. మర్నాడే చూసి చూపించాడు. గుంటూరులో జరిగిన అసలు కమాల్ అది. కొత్త మూలకం మాట అతను ఎత్తలేదు. ఆ మంటల్లోని పసుపు గీత సోడియందేనని అప్పట్లో చాలామంది అనుకున్నారు. అక్టోబర్ 20న ఇంగ్లాండులో లాక్యర్ ఆ గీతను చూశాడు. అది సోడియం గీతల పడోస్‌లో ఉందేగాని సోడియం కాదని పట్టుకున్నాడు. సూర్యుడి గ్రీకు పేరు మీద దానికి హీలియం అని నామ్ పడింది. నేల మీద దాని సబూత్ దొరకడానికి 27 ఏళ్ల ఇంతెజార్! 1895లో లండన్‌లో రామ్సే ఒక యురేనియం ఖనిజాన్ని యాసిడ్‌లో వేస్తే వచ్చిన గ్యాసులో అదే పసుపు గీత.

అంతకు ముందు ఏడాదే రామ్సే, రేలీ గాలిలోంచి ఆర్గాన్ పట్టారు. దాని పేరుకు గ్రీకులో అర్థం సుస్తీగాడు. 1898లో క్రిప్టాన్, నియాన్, జినాన్ వచ్చాయి. ఏదీ ఎవరితోనూ దోస్తీ చేయదు. వజహ్ 1916లో లూయిస్, కోసెల్ చెప్పారు: హీలియంకి 2 ఎలక్ట్రాన్లతోనే గది నిండిపోయింది. నియాన్‌కి 2, 8. ఆర్గాన్‌కి 2, 8, 8. బయటి కక్ష్య నిండినవాడికి ఇంకొకరి ముందు చేయి చాచే జరూరత్ ఏముంది?

మా సార్ బోర్డు మీద "జడవాయువులు ఎన్నడూ చర్యలో పాల్గొనవు" అని రాశారు. నేనూ అదే రాసి మార్కులు కొట్టాను. అది తప్పని అప్పటికే రుజువైపోయిందని నాకేం మాలూమ్!

1962లో కెనడాలో బార్ట్‌లెట్ అనే కెమిస్టు ప్లాటినం హెక్సాఫ్లోరైడుతో ఆక్సిజన్ అణువు నుంచే ఒక ఎలక్ట్రాన్ లాగించాడు. ఆక్సిజన్ నుంచి ఎలక్ట్రాన్ ఊడదీయడానికి 12.2 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలని అప్పటి లెక్క. పుస్తకంలో చూస్తే జినాన్‌కి 12.1. ఇంకా తక్కువే! జినాన్ 2, 8, 18, 18, 8 కదా, బయటి ఎలక్ట్రాన్లు కేంద్రకానికి దూరంగా ఉంటాయి, పకడ్ ఢీలా. రెండు గ్యాసుల్ని కలిపితే నారింజ-పసుపు పొడి పేరుకుంది. ఎన్నో ఏళ్ల యకీన్ ఒక్క సాయంత్రంలో కూలింది. హిసాబ్ చూస్తే రెండు అంకెలే. అవి అందరి పుస్తకాల్లోనూ ఉన్నాయి, పక్కపక్కన పెట్టి చూసినవాళ్లే లేరు.

ఆర్గాన్ జిద్ 2000లో హెల్సింకీలో, గడ్డకట్టే చలిలో సడలింది. హీలియం, నియాన్ మామూలు హాలత్‌లో ఇప్పటికీ ఖామోషే.

బేటీకి ఇదంతా చెప్పాను. "మరి పరీక్షలో ఏం రాయాలి అబ్బా?" అంది.