మధ్యతరంగం నుంచి మాచునూర్ దాకా

తెలుగునాట రేడియో చరిత్రను ఎక్కువగా గాయకుల, నాటకకర్తల, వ్యాఖ్యాతల చరిత్రగానే రాస్తూ వచ్చారు. అది విలువైన చరిత్రే. అయితే ఏ గొంతు ఎంత దూరం చేరాలన్నది ముందుగా తేల్చినది విద్యుదయస్కాంత తరంగపు స్వభావం కాగా, ప్రసారంలో ఎవరి తెలుగు వినిపించాలన్న ప్రశ్నకు జవాబు కూడా చాలావరకు ఆ తరంగం వెంటే వచ్చింది.

1865లో మాక్స్‌వెల్ గణితం ద్వారా సూచించిన ఈ తరంగాలను 1880 దశకం చివర హెర్ట్జ్ ప్రయోగశాలలో పుట్టించి చూపగా, తరువాతి దశకంలో కలకత్తాలో జగదీశ్ చంద్రబోస్ వాటి సాయంతో దూరాన ఉన్న గంటను మోగించాడు. మైక్రోఫోను మాటను విద్యుత్ సంకేతంగా మార్చగలదు గానీ, ఆ సంకేతపు కంపనాలు సెకనుకు కొన్ని వేలకు మించవు కనుక, దానిని ఉన్నదున్నట్టు ప్రసరింపజేయాలంటే కిలోమీటర్ల పొడవైన ఏరియల్ కావలసి వస్తుంది. అందుచేత సెకనుకు లక్షలసార్లు కంపించే మరొక తరంగాన్ని, అంటే వాహక తరంగాన్ని పుట్టించి, మాటలోని హెచ్చుతగ్గులకు అనుగుణంగా దాని బలాన్ని మారుస్తూ పంపుతారు. ఏఎం పద్ధతి అంటే ఇదే. శ్రోత ఇంట్లోని రిసీవరు తనకు తగిలే అనేక తరంగాలలో కోరిన ఒక్కదానితో శ్రుతి కలిపి, వాహకాన్ని తొలగించి, మిగిలిన మాటను స్పీకరుకు అందిస్తుంది.

1924లో మద్రాసులో ఔత్సాహికుల రేడియో క్లబ్బు ప్రసారాలు ఆరంభించినా డబ్బు చాలక మూడేళ్లకే ఆగిపోయింది. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం మొదలై, తమిళంతో పాటు తెలుగు కార్యక్రమాలకూ వేదికయింది. నిజాం రాజ్యంలోని దక్కన్ రేడియోలో ఉర్దూదే పైచేయి అయినా, తెలుగు, మరాఠీ, కన్నడాలకూ కొంత చోటు దక్కింది; 1950 ఏప్రిల్ 1న అది ఆలిండియా రేడియోలో కలిసింది. అంతకుముందే, 1948 డిసెంబరు 1న, విజయవాడ కేంద్రం ప్రారంభమైంది. బాలాంత్రపు రజనీకాంతరావు రూపుదిద్దిన భక్తిరంజని ఈ కేంద్రం నుంచే వెలువడి, లక్షల ఇళ్లలో తెల్లవారుజాము వేళను తనదిగా చేసుకున్నది.

విజయవాడ ప్రసారాలకు స్థిరపడిన పౌనఃపున్యం, అంటే సెకనుకు కంపనాల సంఖ్య, 837 కిలోహెర్ట్జ్. ఆ తరంగం పొడవు సుమారు 358 మీటర్లు. ఇంత పొడవైన మధ్యతరంగం, అంటే మీడియం వేవ్, నేల వంపును అనుసరించి చాలా దూరం సాగుతుంది, ఉప్పునీటి మీద మరింత సులువుగా ప్రయాణిస్తుంది. అందుకే తుపాను హెచ్చరికలను తీరప్రాంతానికి చేర్చడంలో దీని సేవ అపారమైనది. పగలు ఆకాశం వైపు వెళ్లే మధ్యతరంగాన్ని అయనావరణపు, అంటే విద్యుదావేశం నిండిన పై వాతావరణపు, కింది పొర పీల్చుకుంటుంది. రాత్రి ఆ పొర సన్నగిల్లినప్పుడు పై పొరలు తరంగాన్ని తిప్పి పంపడం వల్ల దూరపు కేంద్రాలూ వినవస్తాయి. ఒక్క కేంద్రం అనేక జిల్లాలకు చేరగలిగినందున, అందరికీ అర్థమయ్యే ఒకే ప్రామాణిక భాష అవసరమైంది. ఆ భాష తెలుగువారిని దగ్గర చేసిన మాట ఎంత నిజమో, అనేక మాండలికాలను మైక్రోఫోనుకు దూరంగా నిలిపిన మాటా అంతే నిజం.

ఎఫ్ఎం ఈ పరిస్థితిని మార్చింది. ఇందులో వాహకపు బలానికి బదులు దాని పౌనఃపున్యాన్నే మారుస్తారు కనుక ధ్వని స్వచ్ఛంగా ఉంటుంది. కేవలం మూడు మీటర్లకు అటూఇటూ పొడవుండే ఈ తరంగం దాదాపు చూపు ఆనేంత దూరమే వెళుతుంది. ఆ కురచ పరిధిలో నగరాల ప్రైవేటు స్టేషన్లు వ్యాపారాన్ని చూడగా, జహీరాబాద్ ప్రాంతపు దళిత మహిళలు తమ సొంత గొంతుకు మార్గాన్ని చూశారు. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినా, స్వచ్ఛంద సంస్థలకు సామాజిక రేడియో అనుమతించే విధానం 2006లో గానీ రాలేదు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ ఆధ్వర్యంలో స్టూడియో సిద్ధమైన తరువాత కూడా ఆ స్త్రీలు ఏళ్ల తరబడి లైసెన్సు కోసం ఎదురుచూశారు. ఆ కాలమంతా కార్యక్రమాలను రికార్డు చేసి, తమ మహిళా సంఘాల సమావేశాలలో క్యాసెట్ల ద్వారా వినిపించారు. 2008 అక్టోబరు 15న మాచునూర్ గ్రామం నుంచి సంగం రేడియో 90.4 మెగాహెర్ట్జ్‌పై ప్రసారాలు ప్రారంభించినప్పటి నుంచి జొన్న, సజ్జ, కొర్రల సాగు గురించీ, విత్తనాలు దాచుకునే తీరు గురించీ, పండుగ పాటల గురించీ అక్కడి స్త్రీలు తమ ఇళ్లలో మాట్లాడుకునే తెలుగులోనే చెబుతున్నారు.